కట్టడం కష్టపడే చోట ఉలి ఆగింది

తెలంగాణ రాష్ట్ర చిహ్నాన్ని ఒకసారి నిదానంగా చూడండి. కాకతీయ తోరణం, దాని లోపల చార్మినార్. చరిత్ర పుస్తకం తెరిచి చూస్తే అవి రెండు రాజవంశాలు, రెండు కాలాలు. తాపీ మేస్త్రి కంటితో చూస్తే ఒకే ప్రశ్నకు రెండు జవాబులు. మనుషులు నడవడానికి దారి వదలాలి, వదిలిన ఆ ఖాళీ మీద బరువు నిలవాలి. ఎలా? తోరణం దూలంతో జవాబు చెప్పింది. చార్మినార్ కమానుతో చెప్పింది. మన పాత కట్టడాల్లో కనిపించే స్తంభాలు, పద్మాలు, చూరులు, గూళ్లు, జాలీలు అర్థం కావాలంటే ఈ ఒక్క తేడా దగ్గర మొదలుపెట్టడం మంచిదని నా నమ్మకం.

శిల్పకళ గురించి మనకు దొరికే రాతలు ఎక్కువగా పేర్ల దగ్గరే ఆగిపోతాయి. అధిష్ఠానం, కుముదం, కపోతం, లలాటబింబం అని వరసగా చెప్పి, అద్భుతమైన పనితనం అంటూ ముగిస్తాయి. పేర్లు తెలుసుకోవలసిందే. అయితే ఆ పువ్వు సరిగ్గా అక్కడే ఎందుకు విచ్చుకుంది, ఆ పట్టీ గోడ మధ్యలో రాకుండా అడుగున ఎందుకు వచ్చింది అని అడిగినప్పుడే ఆ పేర్లకు ప్రాణం వస్తుంది. గుళ్లూ కోటలూ తిరిగే అలవాటు వల్ల నాకు ఒక విషయం మళ్లీ మళ్లీ కనిపించింది. అలంకారం కట్టడం ఒంటి మీద సమానంగా పరుచుకోదు. రెండు రాళ్లు కలిసే చోట, బరువు దిశ మార్చుకునే చోట, చదరం గుండ్రంగా మారవలసిన చోట, నీరు గోడను వదిలి పడవలసిన చోట గుమిగూడుతుంది. కట్టడం ఎక్కడ కష్టపడుతుందో అక్కడే ఉలి ఎక్కువసేపు ఆగింది.

రాయికి ఉన్న బలహీనత

రాయి ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది, లాగితే మాత్రం తెగిపోతుంది. నొక్కుడుకు ఉన్న ఓర్పులో లాగుడుకు పదో వంతు ఉంటే గొప్ప. రెండు స్తంభాల మీద పడుకోబెట్టిన దూలం కంటికి కనబడకపోయినా తన బరువుకే కాస్త వంగుతుంది. వంగినప్పుడు దాని పైభాగం నొక్కుకుంటుంది, అడుగుభాగం సాగుతుంది. రాతి దూలం పగిలినప్పుడు పగులు అడుగున, నడుమ దగ్గర మొదలుకావడం అందుకే. పైగా ఇక్కడి లెక్క చాలా కఠినం. మందం మార్చకుండా దూలం పొడవును రెట్టింపు చేస్తే, దాని సొంత బరువు వల్ల అడుగున పడే ఆ లాగుడు నాలుగు రెట్లవుతుంది.

మన మండపాలు స్తంభాల తోపుల్లా ఉండటానికి మూలకారణం ఇదే. హనుమకొండలో 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడికి జనం వేయిస్తంభాల గుడి అని పేరు పెట్టుకున్నారు. అన్ని స్తంభాలు వైభవం కోసమే అనుకుంటాం. దూలం ఎంత దూరం సాగగలదో రాయి ముందే తేల్చి చెప్పింది. స్తంభాలు ఎన్ని కావాలన్నది ఆ తరువాతి మాట.

ఇప్పుడు ఏదైనా మండపంలో స్తంభం తల వైపు చూడండి. స్తంభం నేరుగా దూలాన్ని తాకదు. మధ్యలో రెండు పక్కలకో నాలుగు పక్కలకో చేతులు చాచినట్లు ఒక అడ్డదిమ్మె ఉంటుంది. దాని కొసలు కొన్నిచోట్ల అలల్లా, కొన్నిచోట్ల వేలాడే తామరమొగ్గలా, విజయనగర కాలానికి వచ్చేసరికి మరీ ఒయ్యారంగా చెక్కి ఉంటాయి. అది చేసే పని ఎంత పెద్దదో చిన్న లెక్కతో తెలుస్తుంది. రెండు స్తంభాల మధ్య పది అడుగుల ఖాళీ ఉందనుకోండి. రెండు వైపుల నుంచీ ఆ దిమ్మెలు అడుగున్నర చొప్పున ముందుకు వస్తే దూలం దాటవలసిన దూరం ఏడు అడుగులకు తగ్గుతుంది. ఏడును ఏడుతో, పదిని పదితో హెచ్చవేసి పోల్చండి. నలభై తొమ్మిదికి వంద. దూలం అడుగున పడే లాగుడు దాదాపు సగానికి పడిపోయింది. స్తంభం కదలలేదు, దూలం మారలేదు, మధ్యలో ఒక దిమ్మె వచ్చిందంతే. శిల్పి తన తామరమొగ్గను వేలాడదీసింది సరిగ్గా ఆ దిమ్మె కొసన.

వరంగల్ కోటలో స్వయంభూ శివాలయ ప్రాంగణానికి నాలుగు దిక్కులా నిలిచిన తోరణాల్లోనూ ఇదే నడుస్తుంది. మధ్యలోని గుడి కూలిపోయింది, తోరణాలు నిలిచాయి. దూరం నుంచి చూస్తే పైభాగం కాస్త వంపు తిరిగినట్లు అనిపించి చాలామంది వాటిని కమానులు అంటారు. దగ్గరికి వెళ్లి తలెత్తి చూస్తే భ్రమ తీరుతుంది. జంట స్తంభాలు, వాటి నుంచి ఏటవాలుగా లోపలికి సాగిన రాతి చేతులు, వాటి మీద భారీ అడ్డదూలం. ఆ ఏటవాలు చేతులే కంటికి కమాను వంపును గుర్తుచేస్తాయి. పని మాత్రం పూర్తిగా దూలానిదే.

లేపాక్షిలో వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి అవతలికి లాగడం అందరూ చేసే పని. వింతగానే ఉంటుంది. నాకు ఆ వింతకన్నా దాని చుట్టూ ఉన్నవి ఎక్కువ ఆసక్తిగా తోస్తాయి. ఒక స్తంభం నేలను పూర్తిగా ఆనకపోయినా కప్పు నిలిచే ఉందంటే, ఆ బరువును దూలాలు పక్క స్తంభాలకు పంచి ఇచ్చాయని అర్థం. స్తంభాలు దగ్గరదగ్గరగా ఉన్న మండపంలో ఒకరి పని ఇంకొకరు అందుకోగలరు. ఆ వేలాడే స్తంభం తన పక్కవారి గురించి మనకు సాక్ష్యం చెబుతోంది.

కప్పులో విచ్చుకునే పద్మం

దూలాలు వేశాక వాటి మధ్య చదరపు ఖాళీ మిగులుతుంది. అంత పెద్ద పలక దొరకదు, దొరికినా నిలవదు. చాళుక్యుల నుంచి కాకతీయుల దాకా మండపాల్లో ఇందుకు వాడిన ఉపాయం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. చదరం నాలుగు మూలల్లో నాలుగు ముక్కోణపు రాళ్లు పెడతారు. మిగిలిన ఖాళీ మళ్లీ చదరమే, కానీ మూలకు తిరిగి ఉంటుంది. దాని వైశాల్యం మొదటిదానిలో సగం. దాని మూలల్లో ఇంకో నాలుగు రాళ్లు పెడితే మరో చదరం, మళ్లీ సగం. పన్నెండు అడుగుల చదరం రెండు వరసల్లో ఆరు అడుగులకు వచ్చేస్తుంది. అప్పుడు ఒక్క పలకతో మూయవచ్చు. ఆ చివరి పలక మీద పద్మం చెక్కుతారు.

కింద నిలబడి తలెత్తితే చదరంలో చదరం తిరుగుతూ పైకి పోయి పువ్వుగా ముగుస్తుంది. అందమైన రేఖాచిత్రంలా కనిపించే ఆ తిరుగుడు, నిజానికి కప్పు ఎలా మూసుకుందో చెప్పే లెక్కల కాగితం. శిల్పి ఆ లెక్కను దాచిపెట్టలేదు. ఒక్కో వరస అంచున ఒక పట్టీ చెక్కి, రాయి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో మనకు చూపించాడు.

గోడ అడుగున కూడా అంతే. గుడి కట్టుబడి నేలను తాకే చోట అంచెలంచెలుగా వచ్చే ఉపానం, జగతి, కుముదం, కంఠం, పట్టిక అనే భాగాలన్నిటినీ కలిపి అధిష్ఠానం అంటారు. తరచూ ఒక్కో భాగం ఒక్కో రాతివరస. కుముదం ఉబ్బుగా ఉంటుంది, కంఠం లోపలికి నొక్కుకుని ఉంటుంది. రాళ్ల అతుకులు ఆ లోపలి నీడల్లో పడితే బయటికి కనబడవు. కిందికి పోయేకొద్దీ వెడల్పు పెరుగుతుంది కనుక బరువు ఎక్కువ నేల మీద పరుచుకుంటుంది, గోడ నేల తేమకు ఎత్తున నిలుస్తుంది. ఏనుగుల వరస, హంసల వరస, పూలతీగ అన్నీ ఈ అంచెల మీదనే నడుస్తాయి.

పైకి పోయేకొద్దీ బరువు తగ్గించాలన్న ఆలోచన పాలంపేటలోని రామప్ప గుడిలో అందరికీ తెలిసిన రూపంలో ఉంది. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ గుడి 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. గోడలు ఎర్రటి ఇసుకరాయి, లోపలి స్తంభాలు నిగనిగలాడే నల్లరాయి, పైన గర్భగుడి మీద లేచే విమానం మాత్రం నీటిలో తేలేంత తేలికైన ఇటుకలు. అడుగున ఇసుక నింపిన పునాది. ఆ ఇటుకలు తేలడం ఇంద్రజాలం కాదు. లోపల సన్నని రంధ్రాలు నిండి ఉన్న మట్టి, నీటికన్నా తేలికగా ఉంటే తేలుతుంది. ఎక్కడ ఏ సరుకు వాడాలో తెలిసి ఉండటమే అక్కడి గొప్పతనం. తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరాలయంలో గోపురాలు పూర్తికాకుండా ఆగిపోయాయి. కింది రాతి అంతస్తులు అణువణువునా చెక్కడంతో నిలిచి ఉన్నాయి, పైన ఏమీ లేదు. గోపురాల పైఅంతస్తులను మామూలుగా ఇటుక, సున్నంతో కడతారు. అందువల్ల ఆ మొండి గోపురాలు, కింద బరువైనది పైన తేలికైనది అన్న పద్ధతిని మధ్యలో కోసి చూపినట్లుంటాయి.

మాట వచ్చింది కనుక ఒక చిన్న సవరణ. గుడి మీద ఎత్తుగా కనిపించేదాన్నంతా మనం గోపురం అనేస్తాం. ద్వారం మీద ఉన్నది గోపురం, గర్భగుడి మీద ఉన్నది విమానం. తిరుమలలో దూరం నుంచే చూసి మొక్కే బంగారు ఆనందనిలయం విమానమే.

కమాను తెచ్చిన కొత్త కష్టం

చార్మినార్ 1591 నాటిది. నాలుగు దిక్కులా తెరుచుకున్న దాని కమానులు ఒక్కొక్కటి సుమారు 11 మీటర్ల వెడల్పు. అంత దూరం ఒక్క రాతి దూలం వేయడం ఊహకు అందదు. కమాను కిటుకు ఏమిటంటే, అది రాయిని అసలు సాగనివ్వదు. పైన వెడల్పుగా, కింద సన్నగా చీలలా కోసిన రాళ్లు ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ నిలబడతాయి. బరువు పడేకొద్దీ అవి ఇంకా బిగుసుకుంటాయి. రాయికి చేతనైన పని నొక్కుడును ఓర్చుకోవడం. కమాను దాని చేత ఆ పనే చేయిస్తుంది.

అయితే ఒక కష్టం పోయి ఇంకొకటి వచ్చింది. దూలం స్తంభాన్ని కిందికి మాత్రమే నొక్కుతుంది. కమాను తన కాళ్లను పక్కలకు తోస్తుంది. ఆ తోపుడును ఎవరో ఒకరు ఆపాలి. చార్మినార్‌లో నాలుగు కమానుల తోపుళ్లూ నాలుగు మూలల్లో కలుస్తాయి. ఆ మూలల్లో దిట్టమైన కట్టుబడి, దాని మీద మినార్ల బరువు. పక్కకు పోయే తోపుడు మీద పైనుంచి బరువు పడితే అది కిందికి మళ్లుతుంది. బండెడు బియ్యం బస్తాలు పేర్చిన చోట అడుగు బస్తాను పక్కకు నెట్టడం ఎంత కష్టమో ఆలోచించండి. పట్టణానికి గుర్తుగా నిలిచిన ఆ మినార్లు, మెట్లు ఎక్కడానికి దారి ఇచ్చిన ఆ మినార్లు, కమానుల కాళ్లు జారకుండా కూడా తోడ్పడుతున్నాయి.

గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల్లోకి వెళితే, కమాను కట్టేవారికి కూడా చదరం గుండ్రంగా మారవలసిన ఇబ్బంది ఎదురైన సంగతి కనిపిస్తుంది. గది చదరం, పైన గుమ్మటం గుండ్రం. మూలల్లో గుమ్మటానికి ఆధారం ఉండదు. అందుకని నాలుగు మూలల్లో నాలుగు చిన్న కమానులు అడ్డంగా వేస్తారు. చదరం ఎనిమిది పలకలవుతుంది. ఎనిమిది పలకల మీద గుండ్రటి అంచు సులభంగా కూర్చుంటుంది.

మండపం కప్పులోని ముక్కోణపు రాళ్లు గుర్తుకు రావడం లేదా? దూలం తెలిసిన స్థపతి మూలలు కత్తిరించాడు, కమాను తెలిసిన మేస్త్రీ మూలలే కత్తిరించాడు. ఒకరిది బల్లపరుపు రాయి, ఇంకొకరిది వంపు తిరిగిన కట్టుబడి. మన దగ్గర హిందూ వాస్తు, ముస్లిం వాస్తు అని రెండు గదులు కట్టి మాట్లాడుకోవడం అలవాటైపోయింది. ఆ గదుల మధ్య గోడ పుస్తకాల్లో ఉన్నంత మందంగా రాతిలో లేదు. గుమ్మటం అడుగున చూడండి. గోడ ఆగి గుమ్మటం మొదలయ్యే చోట చుట్టూ రేకులు విచ్చుకుని ఉంటాయి. అతుకు పడే చోట పద్మం. అక్కడ మండపం కప్పులో, ఇక్కడ గుమ్మటం అంచున.

నీరు అనే శత్రువు

కట్టడాన్ని బరువు ఒక్కరోజులో కూల్చవచ్చు. నీరు మాత్రం రోజూ తింటుంది. అందుకే నేను ఏ కట్టడం దగ్గరికి వెళ్లినా ముందు చూరు చూస్తాను.

గోడ మీద పడిన వానచుక్క గోడను పట్టుకుని కిందికి పాకుతుంది. పలక అంచు దాటినా వదలదు. అడుగు వైపు తిరిగి, పలకను అంటుకుని మళ్లీ గోడ దాకా వస్తుంది. దాన్ని వదిలించాలంటే అంచును కిందికి వంచాలి, లేదా అడుగున ఒక గాడి కొట్టాలి. గుడి మీద కపోతం అని పిలిచే చూరు చేసే పని ఇదే. గుండ్రంగా కిందికి వాలి, కొసన కాస్త పైకో ముందుకో తిరిగిన ఆ వంపు కంటికి సొగసు, నీటికి తోవ. మసీదుల ముందు, సమాధుల చుట్టూ రాతి చేతుల మీద నిలిచిన సజ్జాలదీ ఇదే పని.

నీటికి దారి చూపడాన్ని మనవాళ్లు ఎంత గౌరవంగా చూశారో శివాలయంలో సోమసూత్రం చెబుతుంది. అభిషేకజలం గర్భగుడి నుంచి బయటికి వచ్చే తూము అది. దానికి మకరం ముఖం చెక్కుతారు, ప్రదక్షిణ చేసేవారు దాన్ని దాటకుండా వెనక్కి తిరుగుతారు. నీళ్లు పోయే తూముకు శిల్పం, దాని చుట్టూ ఆచారం. ఆ ఆచారానికి శాస్త్రం చెప్పే అర్థాలు వేరే ఉన్నాయి. నాకు మాత్రం, నీరు బయటికి పోయే చోటును ఎవరూ నిర్లక్ష్యం చేయలేదన్నది స్పష్టంగా కనబడుతుంది.

కుతుబ్‌షాహీ కట్టడాల మీద ఉన్న పూలు, తీగలు, రేకులు చాలావరకు రాతివి కావు, సున్నంతో చేసిన గచ్చుపనివి. గానుగలో నూరిన డంగు సున్నం, ఇసుక, కరక్కాయ నీరు, బెల్లం మన మేస్త్రీల పాత సరంజామా. సున్నం మెల్లగా గట్టిపడుతుంది, తేమను పీల్చి తిరిగి వదులుతుంది. సిమెంటు తేమను లోపలే బంధిస్తుంది. 2013 నుంచి కుతుబ్‌షాహీ సమాధుల పునరుద్ధరణ చేపట్టిన ఆగా ఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ పనివారు, గత శతాబ్దంలో మరమ్మతు పేరుతో పూసిన సిమెంటును చాలాచోట్ల ఒలిచి మళ్లీ సున్నపు పూత వేయవలసి వచ్చింది. 2019 మే నెల మొదట్లో చార్మినార్ ఒక మినారు నుంచి గచ్చుపని ముక్క ఊడిపడినప్పుడు జనం గుండె ఝల్లుమంది. ఆ అలంకారాన్ని పైపూత అనుకుంటే అది ఊడినా పరవాలేదనిపిస్తుంది. నిజానికి లోపలి రాయికీ వానకూ మధ్య నిలిచిన చర్మం అది.

జాలీల గురించి ఎక్కువ చెప్పను, వాటి పని అందరికీ తెలిసిందే. అలంపురం నవబ్రహ్మ ఆలయాల్లో 7, 8 శతాబ్దాల నాటి రంధ్రాల రాతి కిటికీలు, హైదరాబాద్‌లో పైగా అనే ప్రభువుల వంశం సమాధుల్లో సన్నని జాలీ పని ఒకదాని తర్వాత ఒకటి చూడండి. గాలి రావాలి, ఎండ విరగాలి, బయటివారికి లోపల కనబడకూడదు. వెయ్యేళ్ల తేడాలో రేఖలు మారాయి, అవసరం మారలేదు.

రాతిలో మిగిలిన కొయ్య

ఇంతవరకు చెప్పింది విని, ప్రతి చెక్కడానికీ ఒక పని ఉంటుందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. కొన్ని రూపాలు పని పోయాక కూడా మిగిలాయి.

ఏలూరు జిల్లాలో కామవరపుకోట దగ్గర గుంటుపల్లి కొండ ఉంది. అక్కడ కొండను తొలిచి చేసిన గుండ్రటి చైత్యం, అంటే బౌద్ధుల ప్రార్థనామందిరం, లోపలికి వెళ్లి తలెత్తితే పైకప్పు నిండా వాసాలు. అన్నీ రాతివే. గొడుగు పుల్లల్లా నడిమి నుంచి అంచుకు దిగిన ఆ వాసాలు ఏ బరువూ మోయడం లేదు. కొండే పైకప్పు, దానికి వాసాలతో పనేముంది? క్రీస్తుకు పూర్వపు ఆ శిల్పికి ఇల్లంటే కొయ్య వాసాల ఇల్లే. రాయిని తొలిచినా తనకు తెలిసిన ఇంటినే తొలిచాడు. మన ఊళ్లలో గుండ్రటి గుడిసె నిట్టాడు మీద నుంచి వాసాలు దిగడం చూసినవారికి ఆ కప్పు వెంటనే సొంతమనిపిస్తుంది.

అలాంటి చైత్యాల ముఖద్వారం మీద లాడం ఆకారంలో వంచిన కొయ్య కమాను ఉండేది. లోపలికి వెలుగు అక్కడి నుంచే వచ్చేది. ఆ ఆకారం క్రమంగా చిన్నదైపోయింది. గుడి చూరు మీద వరసగా కనిపించే చిన్న లాడపు గూళ్లు, వాటిలోంచి తొంగిచూసే ముఖాలు దాని సంతానమే. ఆ గూళ్ల పేరు గవాక్షాలు, గవాక్షమంటే కిటికీ. ఈ గవాక్షాల్లోంచి వెలుగు రాదు, గాలి రాదు. కిటికీ జ్ఞాపకం మాత్రం వెయ్యేళ్లకు పైగా చూరు మీద కూర్చుని ఉంది. హంపిలో విజయనగర మండపాల చూరు అడుగున వాసాల్లా చెక్కిన గీతలకూ ఇదే కథ.

దీన్ని అనుకరణ అని తీసిపారేయలేను. కొత్త సరుకు చేతికి వచ్చినప్పుడు మనిషి పాత సరుకు రూపాన్ని వెంట తెచ్చుకుంటాడు. ఇప్పుడు ఇళ్ల ముందు సిమెంటులో పోతపోసే స్తంభాల తలల మీద పువ్వులు చూసినప్పుడు నాకు గుంటుపల్లి వాసాలే గుర్తొస్తాయి.

ఏ పనీ చేయని అందం

రామప్ప గుడి చూరు కింద మదనికలు, అంటే నల్లరాతి నాట్యకత్తెల బొమ్మలు, నిలబడి ఉంటారు. స్తంభాల భుజాల మీద నుంచి ఏటవాలుగా ముందుకు వంగి, చూరు పలకను ఆనుకుని ఉంటారు. చూడగానే వారే చూరును మోస్తున్నారనిపిస్తుంది. ఆ సన్నని నడుముల మీదకు బరువు రానిచ్చేంత అమాయకుడు కాదు స్థపతి. వారు పేరుకు మాత్రమే ఆధారాలు. మోత అంతా స్తంభాలూ దూలాలే చూసుకుంటున్నాయి.

మరి వారెందుకు? ఎర్రరాతి గుడికి నల్లరాతి ఆకారాలు ఎందుకు? నా సమాధానం ఇది. నిలువుగా ఉన్న స్తంభం, అడ్డంగా ఉన్న చూరు కలిసే మూల కంటికి కఠినంగా తగులుతుంది. బరువు నిలువు నుంచి అడ్డానికి మారే చోటు అది. అక్కడ ఒక ఏటవాలు రేఖ ఉంటే చూపు జారి పైకి పోతుంది. కొయ్య ఇళ్లలో ఆ చోట నిజంగానే ఏటవాలు కర్ర ఉంటుంది, చూరును నిజంగానే మోస్తుంది. రాతిలో ఆ అవసరం తీరిపోయింది. మిగిలిన చోటును శిల్పి నాట్యకత్తెకు ఇచ్చాడు. ఒక మదనిక పాదాలకు ఎత్తు మడమల పాదరక్షలున్నాయి, చూసినవారెవరూ మరచిపోరు. గణపతిదేవుని గజసేనాని జాయపసేనాని నాట్యశాస్త్ర గ్రంథం రాసిన కాలం అది. ఆ కాలంలో నృత్యం గుడి లోపలి స్తంభాల మీద నుంచి చూరు దాకా పాకిందంటే ఆశ్చర్యం లేదు.

ఇక్కడ రెండు రకాల మాటలతో నాకు పేచీ ఉంది. ప్రతి శిల్పంలోనూ దాగిన విజ్ఞానం ఉందని, మదనికల్లో కూడా ఇంజనీరింగ్ వెతికేవారు ఒకవైపు. అదంతా ఊరికే సింగారమని చూసీచూడనట్లు పోయేవారు ఇంకోవైపు. ఇద్దరూ కట్టడాన్ని నిజంగా చూడటం లేదు. మదనిక బరువు మోయదు. కానీ ఆమె నిలబడిన చోటు యాదృచ్ఛికంగా ఎంచింది కాదు.

ఇంటికి వస్తే

ఇవన్నీ రాజులు కట్టించినవి, మనకేమిటని అనుకోనక్కరలేదు. గోదావరి జిల్లాల్లో ఇంకా మిగిలిన మండువా లోగిలి ఒకటి చూడండి. నాలుగు వైపుల పెంకుటి కప్పులు లోపలికి వాలి, వాననీటిని నడిమి మండువాలోకి దించుతాయి, అక్కడి నుంచి తూము బయటికి పంపుతుంది. మండువా చుట్టూ ఉన్న కొయ్య స్తంభాల తలల మీద చెక్కిన దిమ్మెలు, గుళ్లోని రాతి దిమ్మెలకు అన్నదమ్ములు. వాసాల కొసలు తడవకుండా చూరు అంచున చెక్కపట్టీ కొడతారు. దాని కింది అంచును మొనలు మొనలుగా కోస్తారు. ఆ మొనలు అందంగా ఉంటాయి, చుక్క చెక్కను పట్టుకుని ఊరకుండా మొన దగ్గర జారిపోతుంది కూడా.

గుమ్మం దగ్గర ఆగండి. అడుగున గడప, పైన ఉత్తరాశి, రెండు పక్కలా నిలువు కమ్ములు. గడప పాకే పురుగునూ వాననీటినీ ఆపుతుంది, ద్వారబంధం కాళ్లు పక్కలకు పోకుండా కట్టిపడేస్తుంది. ఉత్తరాశి పైగోడ బరువు మోస్తుంది. గోడకు తెరుచుకున్న చోటే బలహీనమైన చోటు, ఆ బలహీనతను చుట్టుముట్టి కాపాడేది ద్వారబంధం. అందుకే పసుపూ కుంకుమా గడపకే పడతాయి, మామిడాకులు ఉత్తరాశికే వేలాడతాయి, గజలక్ష్మి దాని నడిమినే కూర్చుంటుంది. ఇల్లు కట్టేటప్పుడు గోడలకు చేయని పూజ ద్వారబంధం నిలబెట్టేటప్పుడు చేస్తాం.

ఇనుప చువ్వలు వేసిన కాంక్రీటు వచ్చాక దూలం బాధ తీరింది. అడుగున పడే లాగుడును చువ్వ అందుకుంటుంది. స్తంభాల మధ్య దూరం పెరిగింది, అడ్డదిమ్మెల అవసరం పోయింది. అలంకారానికి ఇప్పుడు వేరే పేరు ఉంది: ఎలివేషన్. ఇల్లు మొత్తం పూర్తయ్యాక ముందుగోడ మీద అతికించేది. అందులో కొన్ని నాకు నచ్చుతాయి. బాధ కలిగించేది ఒక్కటే. పట్టీలు, గట్లు తోచిన చోటల్లా పెట్టి, వాటి పైభాగాన్ని బల్లపరుపుగా వదిలేస్తున్నారు. వాన అక్కడ నిలుస్తుంది, రెండేళ్లకు గోడ లోపల చెమ్మ దిగుతుంది, రంగు పొరలుగా లేస్తుంది. పాత కపోతం నీటిని వదిలించడానికి పుట్టింది. ఈ పట్టీ నీటిని పిలిచి కూర్చోబెడుతోంది.

మా ఇల్లు కట్టినప్పుడు పని చేసిన తాపీ మేస్త్రి ఒక పట్టుదల పట్టాడు. కిటికీల మీది ప్రతి సజ్జా అడుగున, అంచుకు అంగుళమున్నర లోపల వేలు పట్టేంత గాడి వేసి తీరతానన్నాడు. కింది నుంచి తల ఎత్తితే తప్ప కనబడదు. దానికి అరరోజు పని ఎక్కువైంది. ఎందుకని అడిగితే, "వాన వచ్చినప్పుడు చూసుకోండి బాబూ" అన్నాడు. మొదటి వానకు కిటికీ దగ్గర నిలబడి చూశాను. చుక్కలు సజ్జా అంచు దాటి అడుగుకు తిరిగాయి, గోడ వైపు పాకడం మొదలుపెట్టాయి, గాడి దాకా వచ్చి ఆగాయి. అక్కడ ఒకదాన్నొకటి కలుపుకుని, బరువెక్కి, వరసగా రాలిపోయాయి. గోడ పొడిగానే ఉంది.